షాక్ అబ్జార్బర్లు, స్ట్రట్లు మార్పించాలంటే: ఏ దారిలో ఎంత ఖర్చు, ఎవరికి ఏది తగినది

స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ ముందు చక్రం దగ్గర చప్పుడు వస్తోందని కారును షెడ్డుకు తీసుకువెళితే, జాకీ పెట్టకముందే చాలాచోట్ల వినిపించే మాట ఒకటుంది: "షాకప్పులు పోయాయి సార్, జత మార్చేయాలి." షాకప్పులంటే షాక్ అబ్జార్బర్లే. ఆ మాట నిజమే కావచ్చు, కాకపోవచ్చు కూడా. నిజమేనని తేలిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. షోరూంలో పన్నెండు వేల పైచిలుకు అంటారు, బయటి గ్యారేజీలో తొమ్మిది వేలంటారు, మరొకరు పాతవాటినే బాగుచేసి మూడున్నర వేలలో ముగిస్తామంటారు. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి తక్కువదాన్ని ఎంచుకోవడమే చాలామంది చేసే పొరపాటు, ఎందుకంటే అవి మూడూ ఒకే పనికి చెప్పిన ధరలు కావు. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే స్విఫ్ట్, బలేనో, ఐ20 తరహా హ్యాచ్‌బ్యాక్‌లను దృష్టిలో పెట్టుకుని ఆ తేడా ఎక్కడెక్కడ దాగి ఉంటుందో, ఎవరికి ఏ దారి తగునో ఇక్కడ వివరిస్తున్నాను. ధరలన్నీ ఉజ్జాయింపువే; మోడల్‌ను బట్టి, ఊరిని బట్టి మారతాయి.

ముందుగా పేర్ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఖర్చులో సగం తేడా ఇక్కడే పుడుతుంది. కారు బరువును మోసేది స్ప్రింగు. గుంతలో పడి లేచిన స్ప్రింగు ఊగుతూనే ఉండకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. దాని గొట్టంలో నూనె ఉంటుంది, పిస్టన్‌కు ఉన్న సన్నని రంధ్రాల గుండా ఆ నూనె బలవంతంగా దూరేటప్పుడు ఊపులోని శక్తి వేడిగా మారి పోతుంది. వెనుక చక్రాల దగ్గర, ఈ తరహా కార్లలో, స్ప్రింగు వేరుగా, షాక్ అబ్జార్బర్ వేరుగా ఉంటాయి. కింద ఒక బోల్టు, పైన ఒక నట్టు విప్పితే అది చేతికి వస్తుంది. ముందు వైపు అలా కాదు. అక్కడ షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగు, పైన కారు బాడీకి బిగించే మౌంటింగు, బేరింగు అన్నీ కలిసి ఒకే స్తంభంగా నిలబడి చక్రాన్ని పట్టుకుంటాయి, స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ స్తంభం మొత్తం తిరుగుతుంది. దానినే స్ట్రట్ అంటారు. అందువల్ల వెనుక జత మార్చడం గంటలో అయ్యే చిన్న పని, దాని తరువాత చక్రాల కోణాలను సరిచేసే అలైన్‌మెంట్ అవసరం కూడా సాధారణంగా ఉండదు. ముందు జత మార్చడమంటే స్ప్రింగును నొక్కిపట్టి మొత్తం విప్పి, తిరిగి కూర్చి, ఆపైన చక్రాల అలైన్‌మెంట్ చేయించడం. "షాకప్పులకు ఎంత" అని ఫోనులో అడిగితే వచ్చే జవాబుకు విలువ లేకపోవడానికి కారణం ఇదే; ముందువా, వెనుకవా, వాటితో పాటు ఏమేమి కలిపి చెబుతున్నారు అన్నది అడిగితేనే ధరకు అర్థం ఉంటుంది.

మరొక అపోహను కూడా ఇక్కడే తొలగించాలి. కారు వెనుక భాగం కుంగిపోయి కనిపిస్తోందని షాక్ అబ్జార్బర్లు మార్పించేవారు చాలామంది ఉన్నారు. ఎత్తును నిలిపేది స్ప్రింగే కనుక, షాక్ అబ్జార్బర్లు మార్చినంత మాత్రాన కుంగిన కారు లేవదు. బయట సీఎన్‌జీ సిలిండర్ పెట్టించుకున్న కార్లలో ఇది తరచుగా కనిపించే సమస్య. అక్కడ చూడవలసింది వెనుక స్ప్రింగులను.

ఇక నిర్ధారణ. దీని మీద కొంత ఎక్కువసేపు నిలవక తప్పదు, ఎందుకంటే ఖర్చు తగ్గించే దారుల్లో దీన్ని మించినది లేదు. మా కారు అరవై వేల కిలోమీటర్లు దాటిన రోజుల్లో ముందు ఎడమవైపు నుంచి కటకటమనే చప్పుడు మొదలైంది. ఒక షెడ్డులో చెప్పిన మాట నమ్మి ముందు స్ట్రట్లు రెండూ మార్పించాను. బిల్లు కట్టి ఇంటిదారి పట్టిన పది నిమిషాలకే, కాలనీ మలుపులోని మొదటి స్పీడ్ బ్రేకర్ మీద, అదే చప్పుడు అదే చోటి నుంచి వినిపించింది. మరునాడు వేరొక మెకానిక్ కారు కింద పడుకుని, మలుపుల్లో కారు ఒరగకుండా చూసే కడ్డీని స్ట్రట్‌కు కలిపే స్టెబిలైజర్ లింక్ రాడ్‌ను వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ కదిపి చూపించాడు. దాని బాల్ జాయింటు వదులై టకటకమంటోంది. ఆ లింక్ రాడ్ల జత, బిగింపు కూలి కలిపి పదిహేను వందలు కూడా కాలేదు. విప్పి తెచ్చుకున్న పాత స్ట్రట్లను ఇంట్లో నిలబెట్టి, కడ్డీని అరచేత్తో కిందికి నొక్కి వదిలితే, రెండూ నెమ్మదిగా, ఒకే వేగంతో పైకి లేచాయి. గొట్టం మీద నూనె చుక్క లేదు. బాగున్న స్ట్రట్లను తీసి పారేయడానికి తొమ్మిది వేలు ఖర్చుపెట్టానని అప్పుడు తెలిసింది.

చప్పుడును బట్టి మాత్రమే స్ట్రట్ పోయిందని ఎవరైనా అంటే తొందరపడకూడదు. చిన్న చిన్న గుంతల మీద కటకటలాడితే ముందుగా లింక్ రాడ్లను, చక్రాన్ని కింద పట్టే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లను, బాల్ జాయింట్లను చూడాలి. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు పైనుంచి కిర్రుమనో, స్ప్రింగు ఒక్కసారి వదిలినట్టు టంగుమనో వినిపిస్తే అది స్ట్రట్ పైనున్న మౌంటింగుది, దాని బేరింగుది. షాక్ అబ్జార్బర్ నిజంగా పోయిన కారు చప్పుడు కంటే నడకలో తెలుస్తుంది. హైవే మీద వంతెన అతుకు దాటాక ఒకసారి ఊగి ఆగవలసింది రెండు మూడుసార్లు ఊగుతుంది, బ్రేకు వేయగానే ముక్కు కిందికి వాలుతుంది, లేను మారేటప్పుడు పక్కకు తూలినట్టు ఉంటుంది. టైరు మీద అరచేయి పెట్టి చుట్టూ నిమిరితే అక్కడక్కడ పల్లంగా అరిగినట్టు తగలడం మరొక గుర్తు. చక్రం రోడ్డును అంటిపెట్టుకోకుండా ఎగురుతూ నడిచిందని దాని అర్థం. కంటితో చూడదగినది నూనె. గొట్టం పైభాగాన పలుచని చెమ్మ కనిపించడం పెద్ద దోషం కాదు. నూనె ధారగా కారి, దాని మీద రోడ్డు దుమ్ము పట్టి, దీపపు కుందె అడుగున పేరుకున్న మడ్డిలా నల్లగా గడ్డకట్టి ఉంటే మాత్రం సీలు పోయినట్టే. అక్కడ ఇక చర్చ అక్కర్లేదు. డిక్కీ మీద బలంగా నొక్కి వదిలి ఊగడాన్ని చూసే పాత పద్ధతి పూర్తిగా పోయినవాటిని పట్టిస్తుంది కానీ, సగం అరిగినవాటిని పట్టించదు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలని అడిగితే, తయారీదారులు సాధారణంగా ఎనభై వేల కిలోమీటర్ల దగ్గర పరీక్ష చేయించమని చెబుతారు. మన దగ్గర అంతకన్నా ముందే చూపించుకోవడం మేలని నా అభిప్రాయం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, 10 సెంటీమీటర్ల ఎత్తుతో, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటేటట్టు వాలుగా ఉండాలి. మన కాలనీల్లో, ఊరి పొలిమేరల్లో ఎవరికి తోచినట్టు వారు పోసిన సిమెంటు గట్లు ఆ వెడల్పులో పావువంతు కూడా ఉండవు. వాటిని రోజుకు ఇరవైసార్లు ఎక్కి దిగే కారుకూ, ఎక్కువగా హైవే మీదే తిరిగే కారుకూ ఒకే లెక్క వర్తించదు.

మార్చక తప్పదని తేలిన తరువాత ఎదుట ఉండే దారులు ప్రధానంగా నాలుగు. మొదటిది, కంపెనీ షోరూంలోనే అసలు భాగాలతో చేయించడం. రెండవది, కంపెనీ అసలు భాగాలను విడిభాగాల కౌంటరులో మనమే కొని, నమ్మకమైన బయటి గ్యారేజీలో బిగించుకోవడం. మారుతి జెన్యూన్ పార్ట్స్ దుకాణాలు, హ్యుందాయ్, కియా కార్లకైతే మోబిస్ దుకాణాలు ఇందుకు ఉన్నాయి. మూడవది, గాబ్రియేల్, మన్రో, కేవైబీ వంటి పేరున్న తయారీదారుల సరుకును బజారులో కొని బిగించుకోవడం. నాలుగవది, పాతవాటిని విప్పి నూనె, సీలు మార్పించి తిరిగి వాడడం, లేదా పాత కారు నుంచి తీసిన జతను కొనడం.

ముందు జతకు నమూనా లెక్క ఒకటి వేసి చూద్దాం. షోరూంలో స్ట్రట్ ఒక్కొక్కటి 3,200 చొప్పున 6,400, మౌంటింగులు బేరింగులతో 1,800, కుదుపు ఆఖరున తగిలే రబ్బరు బంప్ స్టాపర్లు, కడ్డీని దుమ్ము నుంచి కాపాడే డస్ట్ కవర్లు 800, కూలి 2,500 మీద 18 శాతం జీఎస్‌టీతో 2,950, అలైన్‌మెంట్ 700; అంతా కలిపి 12,650 రూపాయలు. బయట పేరున్న బ్రాండుతో చేయిస్తే స్ట్రట్లు 5,000, మౌంటింగులు 1,400, స్టాపర్లు, కవర్లు 600, కూలి 1,500, అలైన్‌మెంట్ 500, మొత్తం 9,000. రెండవ దారి ఈ రెండింటికీ నడుమ పడుతుంది. పాతవాటిని బాగుచేయించే దారిలో నూనె, సీలు మార్పుకు 1,600, విప్పి బిగించే కూలి అదే 1,500, అలైన్‌మెంట్ అదే 500, మొత్తం 3,600. ఇక్కడ గమనించవలసింది, చౌకదారిలోనూ కూలి, అలైన్‌మెంట్ తగ్గలేదు. పైగా మౌంటింగులు, స్టాపర్లు పాతవే మిగిలాయి. ఇప్పుడు మన్నికను కలిపి చూడాలి. బాగుచేసినవి ఎనిమిది వేల కిలోమీటర్లు, బ్రాండువి యాభై వేలు, షోరూంవి అరవై వేలు నడుస్తాయని అనుకుంటే, కిలోమీటరుకు అవి వరుసగా 45 పైసలు, 18 పైసలు, 21 పైసలు అవుతాయి. చూడటానికి అన్నింటికన్నా చౌకగా ఉన్నది నడకలో రెండింతలకు పైగా ఖరీదైనదిగా తేలుతోంది.

బాగుచేసే పని ఎందుకు నిలవదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని చేసేవారిలో చాలామంది చేతి నైపుణ్యం ఉన్నవారే, మోసగాళ్ళు కారు. ఇప్పటి స్ట్రట్లు కర్మాగారంలో గొట్టం అంచును మడిచి శాశ్వతంగా మూసేసినవి; విప్పి మళ్ళీ బిగించేందుకు తయారుచేసినవి కావు. చాలావాటిలో నూనెతో పాటు, అది నురగ కట్టకుండా, నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపుతారు. షెడ్డులో గొట్టాన్ని కోసి, నూనె పోసి, సీలు వేసి, వెల్డింగుతో మూసినప్పుడు ఆ వాయువు తిరిగి రాదు. పిస్టన్‌లోని కవాటపు రేకుల అరుగుదల కూడా అలాగే ఉంటుంది. అన్నింటికన్నా ముఖ్యం, మెరిసే క్రోమ్ కడ్డీ మీద తుప్పు తిన్న చిన్న చిన్న మచ్చలు పడి ఉంటే, కడ్డీ కదిలిన ప్రతిసారీ అవి ఆకురాయిలా కొత్త సీలును కోసుకుంటూ పోతాయి. అందుకే కొన్ని నెలలకే అదే నూనె, అదే మడ్డి తిరిగి కనిపిస్తాయి. పాత తరం కొన్ని కార్లలో పైనున్న మర విప్పి లోపలి భాగాన్ని మార్చుకునే వీలుండేది. అటువంటి కారు ఉన్నవారికి, భాగాలు దొరకని విదేశీ మోడల్ ఉన్నవారికి ఈ దారి వేరే గతిలేక పనికివస్తుంది. మిగిలినవారికి, ముఖ్యంగా స్టీరింగ్ భారాన్ని మోసే ముందు స్ట్రట్లకు, నేను దీన్ని సిఫారసు చేయను.

సెకండ్ హ్యాండ్ జత సంగతి వేరు. ఆటోనగర్లలో, పాత విడిభాగాల బజార్లలో తక్కువ తిరిగి ప్రమాదానికి గురైన కారు నుంచి తీసిన స్ట్రట్లు మంచివే దొరకవచ్చు. అయితే ఆ ప్రమాదంలోనే గొట్టం వెంట్రుకవాసి వంగి ఉంటే కంటికి కనిపించదు. అలైన్‌మెంట్ మిషను మీదికి ఎక్కించాక క్యాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, కుదరకపోతే అప్పుడు తెలుస్తుంది, అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది. వెనుక షాక్ అబ్జార్బర్లకైతే ఈ భయం తక్కువ. కానీ కొత్తవే ఒక్కొక్కటి పదిహేను వందల చుట్టుపక్కల దొరుకుతున్నప్పుడు పాతవాటి కోసం వెతకడంలో మిగిలేది స్వల్పం.

స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు, సిలికాన్ బఫర్లను కొందరు ఐదో దారిగా చూపుతారు. అవి కారును ఎత్తుతాయి, నిజమే. కానీ కొన్ని చుట్లను పనిచేయనివ్వకపోవడం వల్ల స్ప్రింగు బిరుసెక్కి, దాన్ని అదుపుచేసే భారం అప్పటికే అలసిన షాక్ అబ్జార్బర్ మీద మరింత పడుతుంది. లీకైన షాక్ అబ్జార్బర్‌కు బఫరు మందు కాదు.

నా ఓటు ఎక్కువమందికి రెండవ, మూడవ దారులకే, అంటే కంపెనీ భాగాలనో పేరున్న బ్రాండునో మనమే కొని బయట బిగించుకోవడానికే. ఆ రెండింటిలో ఏది అన్నది మెకానిక్ చేతిని బట్టి నిర్ణయించుకోవాలి, ఎందుకంటే భాగం ఎంత మంచిదైనా బిగింపులో చెడిపోయే అవకాశం ఇందులో చాలా ఎక్కువ. మంచి గ్యారేజీని మూడు విషయాల్లో గుర్తుపట్టవచ్చు. స్ప్రింగును నొక్కడానికి సరైన కంప్రెసర్ వాడాలి. తాళ్ళతో, తీగలతో కట్టి విప్పే చోటినుంచి వెంటనే బయటికి రావాలి, ఎందుకంటే నొక్కిపట్టిన ఆ స్ప్రింగు జారితే మనిషి ప్రాణానికే ముప్పు. స్ట్రట్ పైన ఉన్న నట్టును బిగించేటప్పుడు కడ్డీ తిరగకుండా దాని కొసన ఉన్న గాడిలో పానా పెట్టి పట్టుకోవాలి. నునుపైన కడ్డీనే కటింగ్ ప్లయరుతో పట్టుకున్నారంటే, ఆ పళ్ళ గాట్లు కొత్త సీలును మొదటి నెలలోనే తినేస్తాయి. మూడవది చాలామంది గమనించనిది: వెనుక షాక్ అబ్జార్బర్ కింది బోల్టును, లోయర్ ఆర్మ్ బుష్ బోల్టును జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు, కారు బరువు చక్రాల మీద పడ్డాక ఆఖరి బిగింపు వేయాలి. లేకపోతే బుష్‌లోని రబ్బరు ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండి త్వరగా చిరుగుతుంది, మళ్ళీ చప్పుడు మొదలవుతుంది, మళ్ళీ "షాకప్పులు పోయాయి" అన్న మాట వినవలసి వస్తుంది.

కొనేటప్పుడు డబ్బా మీది పార్టు నంబరును కారు మోడల్, తయారైన సంవత్సరంతో సరిచూడాలి. ముందు స్ట్రట్లకు కుడి, ఎడమ వేరువేరుగా ఉంటాయి. బ్రేకు గొట్టాన్ని, లింక్ రాడ్‌ను పట్టే కొక్కేలు ఒక్కో వైపుకు ఒక్కోలా ఉంటాయి కనుక రెండూ ఒకే వైపువి తెచ్చుకుంటే పని ఆగిపోతుంది. డబ్బా మీద ముద్రించిన ఎంఆర్‌పీలో పన్నులు కలిసే ఉంటాయి, దానిపైన జీఎస్‌టీ వేరుగా అడిగితే ఇవ్వనక్కర్లేదు. పాత బిల్లుతో పోల్చి చూసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. విడిభాగాల మీద అంతకుముందు ఎక్కువగా 28 శాతం ఉన్న జీఎస్‌టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి ఆ తేదీకి ముందు ముద్రించిన ధర ఉన్న పాత సరుకును ఆ ధరకే అమ్మజూపితే ప్రశ్నించాలి.

ఒక్కటే లీకైనప్పుడు ఒక్కటే మార్చవచ్చా అన్న ప్రశ్నకు జవాబు, జతగానే మార్చాలి. ఒక వైపు కొత్తది, మరొక వైపు అరిగినది ఉంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు రెండు చక్రాలూ రోడ్డును ఒకేలా పట్టుకోవు. కారు కొత్తదై, పది పదిహేను వేల కిలోమీటర్లలోపే ఒకటి తయారీ లోపంతో లీకైతే మాత్రం ఒక్కదాన్నే మార్చినా తప్పులేదు. నాలుగూ ఒకేసారి మార్చవలసిన అవసరం అరుదు. ముందువి పోయినంత మాత్రాన వెనుకవి పోయినట్టు కాదు. పరీక్షించి, బాగుంటే వదిలేయాలి. కానీ ముందు స్ట్రట్ విప్పినప్పుడు మౌంటింగు, బేరింగు, బంప్ స్టాపర్, డస్ట్ కవరు మార్పించడంలో పిసినారితనం చూపకూడదు. రెండు వేలు మిగిల్చుకుని పాత మౌంటింగు పెట్టిస్తే, ఆరు నెలల తరువాత అది పోయినప్పుడు అదే కూలి, అదే అలైన్‌మెంట్ రెండోసారి కట్టాలి. చిరిగిన డస్ట్ కవరును అలాగే ఉంచితే కడ్డీ మీద ఇసుక చేరి కొత్త సీలుకు ఎసరు పెడుతుంది.

వారంటీలో ఉన్న కారుకు షోరూం తప్ప వేరే దారి ఆలోచించనక్కర్లేదు. లీకు కనిపించగానే చూపించి, జాబ్ కార్డులో రాయించుకోవాలి. పొడిగించిన వారంటీలో సస్పెన్షన్ భాగాలకు ఎంతవరకు రక్షణ ఉందో పుస్తకంలో చదువుకోవాలి. బీమా విషయానికి వస్తే, అరుగుదలకు బీమా డబ్బు రాదు. పెద్ద గుంతలో పడి స్ట్రట్ వంగితే ప్రమాదం కింద క్లెయిము చేయవచ్చు, కానీ లెక్క వేసుకోవాలి. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరిగా మనమే భరించవలసిన మొత్తం 1,000 రూపాయలు, లోహపు భాగాలకు కారు వయసును బట్టి తరుగుదల, ఐదేళ్ళు దాటి పదేళ్ళలోపైతే అది 40 శాతం, రబ్బరు భాగాలకు 50 శాతం. తరుగుదల కోయకుండా చెల్లించే జీరో డెప్ తీసుకోని పాలసీలో ఇవన్నీ పోగా చేతికి వచ్చేది నాలుగైదు వేలే అయితే, దానికోసం క్లెయిము చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపును, 50 శాతానికి చేరిన నో క్లెయిమ్ బోనస్‌ను వదులుకోవడం నష్టమే. చక్రం రిమ్ము, లోయర్ ఆర్మ్, స్ట్రట్ అన్నీ కలిసి దెబ్బతిన్నప్పుడు క్లెయిము గురించి ఆలోచించాలి.

రోజూ రెండు వందల కిలోమీటర్లు తిరిగే ట్యాక్సీ యజమానికి నేను రెండవ దారినే చెబుతాను, ఎందుకంటే కారు షెడ్డులో ఉన్న రోజు కిరాయి కూడా ఖర్చే. నెలకు నాలుగు వందల కిలోమీటర్లు కూడా తిరగని పెద్దలకు మూడవ దారి చాలు. రెండు మూడు నెలల్లో అమ్మేద్దామనుకునేవారు సైతం లీకైన స్ట్రట్లతో కారును కొనేవారికి అప్పగించకుండా, బ్రాండు జత వేయించి ఆ బిల్లు చూపిస్తే బేరంలో ఆ డబ్బు చాలావరకు తిరిగి వస్తుంది. అమెరికాలో ఉన్న మనవారికి లెక్క తలకిందులవుతుంది. అక్కడ కూలి గంటల చొప్పున వంద డాలర్లు దాటడం మామూలు కనుక, స్ప్రింగు, మౌంటింగు, స్ట్రట్ అన్నీ ముందే కూర్చి ఉంచిన పూర్తి అసెంబ్లీని కొంటే భాగం ధర పెరిగినా కూలి తగ్గి లాభమవుతుంది. స్ప్రింగును నొక్కే ప్రమాదకరమైన పని లేనందువల్ల పనిముట్లున్న కొందరు ఇంటి దగ్గరే బిగించుకుంటారు కూడా. మన దగ్గర కూలి చౌక, స్ప్రింగులు సాధారణంగా చెడవు కనుక విడిగా స్ట్రట్ కొనడమే మేలు.

పని పూర్తయ్యాక పాత భాగాలను తప్పకుండా అడిగి తీసుకోవాలి, బిల్లులో పార్టు నంబర్లు, ఆనాటి కిలోమీటర్ల రీడింగు రాయించుకోవాలి. బిల్లు లేకపోతే వారంటీ అడిగే వీలుండదు. అలైన్‌మెంట్ మిషను ఇచ్చే కాగితంలో ముందు, తరువాత కొలతలు రెండూ ఉంటాయి, దాన్ని కూడా భద్రపరచాలి. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి వెళ్ళి పైన ఉన్న నట్లు, కింది బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూపించుకోవాలి. మంచి గ్యారేజీలో దీనికి డబ్బు అడగరు.